మూతపడ్డ మిల్లు సంతకం

మా పాపకు ఏడు నెలలప్పుడు మా ఆయన పనిచేసే మిల్లు మూతపడింది. పని పోయినవాళ్లకు సర్కారు ఖర్చుతో కొత్త పని నేర్పి ఉద్యోగం చూపిస్తారని తెలిసింది. ఆయన కల్లూరులో కూలికి పోవడంతో, దరఖాస్తుకు ఆఖరు రోజున పాపనెత్తుకుని నేనే ఖమ్మం ఆఫీసుకు ఫారం తీసుకెళ్లాను.

“మేనేజర్ సంతకం ఏదమ్మా?” అన్నాడు గుమాస్తా.

“మిల్లుకు తాళమేసి ఆయన ఎటో పోయిండు సార్.”

“సంతకం లేకుంటే పని పోయిందని ఎట్ల నమ్మాలె?”

ఒళ్లు మండిపోయింది. పాపను గుమాస్తా బల్ల మీద, ఫైళ్ల మధ్య కూర్చోబెట్టాను.

“మేనేజర్ దొరికేదాక దీన్ని మీరే సాకుండ్రి!” అని అరిచి గడప దాటాను. వరండాలో అందరూ నన్నే చూస్తున్నారు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

“అమ్మా, జల్దీ రా! ఫారం తీసుకుంట!” అని గుమాస్తా కేకేశాడు.

తర్వాత మా ఆయనకు పని దొరికింది. గడప బయట నిలబడ్డ ఆ నిమిషం గుర్తొస్తే మాత్రం నిద్రపోతున్న పాపను ఇప్పటికీ తడిమి చూసుకుంటాను. నాతో అంత పని చేయించినవాళ్లను క్షమించలేను.