పెదనాన్న అనుమానం

కిందటి వారం పొందూరులో మా పెదనాన్న పోయారు. ఆఖరి రోజున కూడా మందు సీసా మూత తానే తీసి, వాసన చూశాకే మింగారట. పెదమ్మ ఏడుస్తూ చెప్పింది.

హైస్కూల్లో సైన్సు చెప్పిన ఆయనకు దేని మీదా ఓ పట్టాన నమ్మకం కుదిరేది కాదు. పంచాంగాన్నీ, వాన కబురు చెప్పే రేడియోనీ ఒకే చూపు చూసేవారు. పెళ్లిభోజనాల్లో పెరుగుని ముందు వేలితో తాకి చూస్తే వడ్డించేవాళ్లు మొహం మాడ్చుకునేవారు. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండేది. మీకైతే మండదా, చెప్పండి.

మా అమ్మాయి నెలల పిల్లగా ఉన్నప్పుడు పిల్లికూతలు పట్టుకున్నాయి. పట్నంలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీశారు. గుండెకు పైన థైమస్ అనే గ్రంథి పెరిగి గాలిగొట్టాన్ని నొక్కుతోందనీ, ఎక్స్‌రే కిరణాలతో దాన్ని కుదించేద్దామనీ అన్నారు. అప్పట్లో డాక్టర్లు చేసే వైద్యమే అది. మేం సరే అన్నాం. తోడొచ్చిన పెదనాన్న మాత్రం ఆ గ్రంథి చేసే పనేమిటని అడిగారు. పనేమీ లేదని, పెద్దయ్యాక దానంతటదే ఎండిపోతుందని డాక్టరు చెప్పారు.

"పనిలేందయితే పసిపిల్లకే అంత పెద్దగా ఎందుకున్నాదండీ?" అన్నారు పెదనాన్న. డాక్టరుకి కోపమొచ్చింది. నాకూ వచ్చింది.

పొందూరులో వాళ్లింటికి వచ్చేసరికి పెదమ్మ నూలు వడకడానికి, వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వుతోంది. పెదనాన్న ఆమె పక్కన కూర్చుని, విజయనగరంలో ఏదో పత్రికలో చదివింది చెప్పారు. పుట్టగానే ఆ గ్రంథి తీసేసిన ఎలుకపిల్లలు రోగాలొచ్చి చచ్చాయట. రోగాలతో పోరాడే తెల్లకణాలు కొన్ని అక్కడే తయారవుతాయట. వాటిలో చాలా మటుకు బయటికి రాకుండానే చస్తాయట.

"మీ పెదమ్మని సూడు, పొట్టిపోగులూ నలకలూ ఏరి పారేస్తన్నాది. ఆ గ్రంథీ అలాగే ఏరుతాదని కొందరి అనుమానం. సొంత ఒంటి మీదకే తిరగబడే కణాల్ని ముందే సంపేస్తాది కాబోలు. అది కాస్తా మాడ్సేస్తే పిల్లకి కాపలా ఎవులే?"

ఆ కిరణాల వైద్యం మానేశాం గానీ, పిల్లకేమైనా అయితే పూచీ మీదేనని అనేశాను. ఆయన ఆ చలికాలమంతా మా ఇంట్లోనే ఉండి, ఉయ్యాల పక్కన దిగులుగా కూర్చున్నారు. తన అనుమానం మీద కూడా ఆయనకు నమ్మకం లేదని అప్పుడు తెలిసింది.

ఏడాది నిండేసరికి పిల్లికూతలు వాటంతట అవే పోయాయి. ఆయన చెప్పిందే నిజమో, మా అదృష్టమో, నాకిప్పటికీ తెలీదు. పిల్ల దక్కింది. అందుకు ఆయనకు చేతులెత్తి దండం పెడతాను.

పాడె ఎక్కించే ముందు, ఇప్పుడు బడికెళ్తున్న ఆ పిల్లను దగ్గరికి తీసుకెళ్లి, తాత చనిపోయారని చెప్పాం. అది మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"మీకేటి తెల్సు?" అంది.

ముసుగు తొలగించి ఆయన ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది. మమ్మల్ని ఏడవొద్దని సైగ చేసి, అలాగే కూర్చుంది.