పిర్గీ గోడలు, మా మేస్త్రీ మస్తాన్ భాయ్

పోయిన వారం కియోస్ అనే గ్రీకు దీవికి వెళ్లొచ్చాను. అక్కడ పిర్గీ అని వందల ఏళ్ల నాటి ఊరుంది. అన్నీ ఇరుకు సందులు, ఇళ్ల గోడల నిండా నలుపు తెలుపు ముగ్గులు. అవెలా వేస్తారో ఒక పెద్దావిడ చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది గానీ, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, జెబెల్ అలీలోని మా గోడౌన్ గోడకు పూత పూస్తున్న నెల్లూరు మేస్త్రీ మస్తాన్ భాయ్‌కి ఆ ఫోటోలు చూపించాను.

"ఇదేముంది సార్. కింద నల్లపూత, దానిమీద సున్నం. తడి ఆరకముందే గీరేసుండారు" అన్నాడు.

అని ఊరుకోలేదు. అప్పుడే పూసిన తెల్లపూత మీద మేకుతో చకచకా నక్షత్రాల వరుస గీశాడు. కింద సిమెంటు రంగు బయటపడి అచ్చం పిర్గీ గోడలాగే తయారైంది. సరిగ్గా అప్పుడే ముదీర్, అదే మా మేనేజర్, లోపలికొచ్చాడు. మస్తాన్ భాయ్ మేకు వెనక్కి దాచేశాడు. ఆయన కాసేపు గోడనే చూసి, "ఉధర్ భీ బనావ్" అని, అక్కడా వెయ్యమన్నట్టు తలుపు పక్క గోడ చూపించి వెళ్లిపోయాడు.

మీలో ఎవరైనా గ్రీసుకు టికెట్ కొనబోతుంటే, ముందొకసారి మా గోడౌన్‌కి వచ్చి పొండి.