పిల్లలు కళ్ళెదుట ఉండే ఓడ

మా చెల్లెలు పోయి ఏడాది నిండాక వాళ్ళింట్లో అందరూ ఓడ ప్రయాణం చేసి వచ్చారు. సింగపూర్‌లో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద ఉండి, మళ్ళీ అక్కడే దిగారు. తిరిగొచ్చిన ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. చెల్లెలి బావగారు, అంటే వాళ్ళాయనకు అన్నగారు, పప్పన్నం కలుపుకుంటూ అన్నారు:

"ఓడంటే అదీ అమ్మా. మూడు రోజులూ పిల్లలు మా కంటికి కనపడితే ఒట్టు. వాళ్ళ లోకం వాళ్ళది, మన లోకం మనది."

ఆ మాటకు నేనేం చేశానో తర్వాత చెప్తాను. ముందు ఆ ఓడను ఎంచుకున్న తీరు చెప్పాలి. ఎంచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయి ఉంటుంది. ఆగస్టులో చెల్లెలి రిపోర్టులు వచ్చాయి. తనకప్పుడు ముప్పై ఒకటి. కూతురు ఆరో తరగతి, కొడుకు ఒకటో తరగతి. డాక్టరు తనను బయట కూర్చోబెట్టి, నన్నూ వాళ్ళాయన్నీ, అంటే మా మరిదినీ, లోపలికి పిలిచాడు. ఏడాది గడవడం కష్టమన్నాడు. ఎక్కడికైనా తిప్పాలనుకుంటే దసరాకే తిప్పండి, ఆ తర్వాత ఆవిడ తిరగలేరు అన్నాడు.

మరిదికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా బేరాలాడే మనిషి, ఆ రోజు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడింది నేనే.

"దానికి చెప్పొద్దు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పొద్దు. ఒకరికి చెబితే పదిమందికి తెలుస్తుంది. చివరికి దాని చెవిన పడుతుంది."

డాక్టరు తలూపాడు. మా వైపు డాక్టర్లకు అది అలవాటే. జబ్బు ఎవరిదో వాళ్ళకు కాక, వెంట వచ్చినవాళ్ళకు చెబుతారు. నేను బయటికొచ్చి, చిన్న గడ్డేనట, మందులతో కరిగిపోతుందట అన్నాను.

"హమ్మయ్య," అంది చెల్లెలు. "అయితే మిరపకాయ బజ్జీలు తినొచ్చా?"

ఓడ సంగతి తనే ఎత్తింది. అప్పట్లో ఆదివారం పేపర్లో సింగపూర్ ఓడల ప్రకటనలు వచ్చేవి. చెల్లెలి కొడుకు ఒకటి కత్తిరించి వాళ్ళ ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.

"ఊళ్ళు తిరిగే ఓపిక నాకు లేదక్కా. ఓడైతే మనం కదలక్కర్లేదు, అదే కదులుతుంది. నేనో కుర్చీలో పడుంటాను. పిల్లలు నా కళ్ళెదుట నీళ్ళలో ఆడుకుంటారు. వంట లేదు, ట్యూషన్ లేదు, ఈయన షాపు ఫోన్లు లేవు. మూడు రోజులు వీళ్ళిద్దర్నీ తనివితీరా చూసుకుంటాను."

మళ్ళీ, "మన పంటు లాంటిది ఉంటే చాలు," అంది.

ఎనభైల మొదట్లో మా నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవాడు. సెలవు రోజున ఫెర్రీ దగ్గర పంటు ఎక్కి, కృష్ణ దాటి, అదే పంటులో తిరిగి వచ్చేవాళ్ళం. పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు అది. మనుషులు, సైకిళ్ళు, మేకలు, గడ్డిమోపులు అన్నీ ఆ చెక్కల మీదే. అమ్మ మమ్మల్ని తన చెయ్యి అందేంత దూరంలో నిలబెట్టుకునేది. అంతకు మించి ఆ ప్రయాణంలో ఏమీ లేదు.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. దాన్ని నడిపే ముస్లిం పెద్దాయన తండ్రి కాలం నుంచీ హజ్ వెళ్ళేవాళ్ళకు టికెట్లు చేసేవాడు. సింగపూర్ ప్యాకేజీలు కొత్తగా మొదలుపెట్టాడు. రెండు ఓడలు తనే ఎక్కి చూశాడట. బల్ల మీద బ్రోషర్లు పరిచి నాతో అన్నాడు:

"పెద్దలకీ పిల్లలకీ ఇద్దరికీ పడే ఓడ చెప్పండని అందరూ అడుగుతారమ్మా. అందులో రెండు రకాలుంటాయండీ. ఒకటి ఇద్దర్నీ విడగొట్టి సంతోషపెట్టేది. పిల్లలకి వేరే అంతస్తు. ఆయాలుంటారు, ఆటలుంటాయి, పొద్దున అప్పజెప్పేస్తే రాత్రికి తెచ్చుకోవడమే. పెద్దలకి పేకాట గది, మసాజులు, పిల్లల్ని రానివ్వని స్విమ్మింగ్ పూల్. రెండోది కలిపి ఉంచేదండీ. ఒకటే పూల్, చుట్టూ కుర్చీలు, అందరికీ ఒకటే భోజనాల హాలు. ఖరీదు పెరిగేకొద్దీ విడగొట్టడం పెరుగుతుంది. ఇంతకీ ఎవరి కోసమండీ ఈ ప్రయాణం?"

"అందరి కోసం."

"అందరి కోసం ఎవరూ వెళ్ళరమ్మా. ఒకరి కోసం మిగతావాళ్ళు వెళ్తారు."

జవాబు నా నోటిదాకా వచ్చింది. ఆయనకు చెబితే పోయేదేమీ లేదు, ముక్కూమొహం తెలియని మనిషి. అయినా చెప్పలేదు. అబద్ధం ఒకసారి మొదలుపెట్టాక ఎవరి దగ్గర ఆడాలో ఎవరి దగ్గర అక్కర్లేదో చూసుకునే తెలివి కూడా పోతుంది.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. పద్ధతి ప్రకారం చెయ్యకపోతే నాకు తోచదు. పొడుగు నోటుబుక్కులో గీతలు గీసి మూడు ఓడల పేర్లు పక్కపక్కన రాశాను. పిల్లల క్లబ్బులో ఎన్నేళ్ళవాళ్ళను చేర్చుకుంటారు, పూల్ లోతెంత, శాకాహారం విడిగా వండుతారా, గదికి లిఫ్టు ఎంత దూరం, ఓడలో డాక్టరు ఉంటాడా. మూడింటిలో పెద్దది పదకొండు అంతస్తులు, అద్దాల లిఫ్టులు. చిన్నది కాస్త పాతది. దాని వెనక భాగంలో పిల్లల పూల్, దాన్ని ఆనుకునే వాలుకుర్చీలు. చెల్లెలు ఆ బొమ్మ చూసి, "ఇదే," అంది. నేను, "ఉండు, మిగతావి కూడా చూద్దాం," అన్నాను.

ఆ పని నాకు నచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు వారాలు నేను దాని జబ్బు గురించి కాకుండా, బాల్కనీ ఉన్న గదికీ కిటికీ మాత్రమే ఉన్న గదికీ తేడా గురించి ఆలోచించాను. నా పట్టికలో అన్ని గడులూ ఉన్నాయి. ఏ నెలలో వెళ్ళాలన్న గడి ఒక్కటే లేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం పటమటలో వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. చెల్లెలి అత్తగారు, బావగారు, తోటికోడలు, మరిది, నేను. చెల్లెలు కాఫీలు తెచ్చింది. బావగారు పెద్ద ఓడ బ్రోషర్ చేతిలోకి తీసుకుని వదల్లేదు.

"ఆవకాయ సీసా పట్టుకెళ్ళనిస్తారంటావా?" అని అత్తగారు అడిగింది.

"నీ ఆవకాయ వాసన తగిలితే కెప్టెనే కంచం పట్టుకుని వస్తాడులేమ్మా," అన్నారు బావగారు.

"ఈయన్ని మాత్రం ఆ పేకాట గదున్న అంతస్తులో దించకండి," అంది తోటికోడలు. "ఓడ ఒడ్డుకొచ్చినా ఈయన రారు."

అందరికంటే చెల్లెలే ఎక్కువ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది:

"బావగారూ, ఈ చిన్నదాంట్లో దసరాకి ఖాళీలున్నాయటండీ."

"చిన్నదెందుకమ్మా? వెళ్ళేదే ఒక్కసారి. అయినా దసరాకి పెద్దాడెలా వస్తాడు?"

పెద్దాడంటే ఆయన కొడుకు. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళకు దసరా సెలవులు లేవు.

"వాణ్ణి హాస్టల్లో పడేసి మనం ఓడల మీద ఊరేగితే చూసేవాళ్ళేమంటారు? ఎంసెట్ అయిపోనివ్వండి. మే నెలలో అందరం కలిసి పెద్ద ఓడలో పోదాం."

"మేలోనా అండీ?"

"ఎనిమిది నెలలెంతమ్మా, ఇట్టే వచ్చేస్తాయి."

విజయవాడలో ఇంటర్ పిల్లాడున్న ఇంట్లో పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి, టీవీ కనెక్షన్ పీకేస్తారు. ఆయన అన్నదాంట్లో ఎవరికీ తప్పు కనపడలేదు. మరిది చిన్న ఓడ బ్రోషర్ అంచు మడుస్తూ కూర్చున్నాడు. అన్నగారి మాటకు అతను ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. చెల్లెలు నావైపు చూసింది. దసరాకే వెళ్ళాలని నేనొక్క మాట అంటే చాలు. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి, తన ముందే.

నేను నోటుబుక్కులోకి చూసి, "మేలో సముద్రం నెమ్మదిగా ఉంటుందట," అన్నాను.

"అయితే సరే," అంది చెల్లెలు. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో పోయింది. చివరి నెల మంచం మీదే ఉంది. చూస్తే భయపడతారని పిల్లల్ని మేడ మీద తోటికోడలి గదిలో ఉంచేవాళ్ళం. పొద్దున స్కూలుకెళ్ళే ముందు ఒకసారి తీసుకొచ్చి చూపించి, మళ్ళీ పైకి పంపేవాళ్ళం. ఆ ఏర్పాటు చేసింది కూడా నేనే. పరామర్శకు వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "తనకేమైందో తెలియకుండానే వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు," అన్నారు.

మే ప్రయాణం ఆగిపోయింది. అందుకోసం ఇచ్చిన పాస్‌పోర్టులు తెచ్చుకోవడానికి ఏప్రిల్‌లో గవర్నర్‌పేట వెళ్ళాను. ట్రావెల్స్ ఆయన పాస్‌పోర్టులు లెక్కచూసి ఇచ్చి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఇది మీ దగ్గరుండటం న్యాయమమ్మా. దసరాకి పది రోజుల ముందు ఆవిడొక్కరే ఆటోలో వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతుంటే మంచినీళ్ళిచ్చాను. చిన్న ఓడలో వాళ్ళ నలుగురికే టికెట్లు కావాలన్నారు."

చిన్న ఓడ దరఖాస్తు అది. చెల్లెలి గుండ్రటి అక్షరాలు. ఏమైనా జబ్బులున్నాయా అన్న చోట, ఆగస్టులో డాక్టరు మాతో చెప్పిన పేరు పూర్తిగా రాసి ఉంది. ప్రత్యేకంగా ఏమైనా కావాలా అన్న చోట, పిల్లల పూల్ పక్కన నీడలో ఒక కుర్చీ అని రాసి ఉంది.

చదవడం నాకొక్కదానికే వచ్చనుకున్నాను. మందుల పెట్టెలో ఉండే కాగితం చదవడానికి లైబ్రరీ అక్కర్లేదు.

"మరెందుకు వెళ్ళలేదు?"

"జబ్బు రాశాక డాక్టరు కాగితం కావాలమ్మా, ప్రయాణం చెయ్యొచ్చని. అది లేకపోతే ఓడ కంపెనీ ఒప్పుకోదు. ఆ గడి వదిలేయండమ్మా అన్నాను, తప్పే అనుకోండి. 'అక్కడ నాకేమైనా అయితే పిల్లలు కంగారు పడిపోతారు, నిజమే రాస్తాను' అన్నారు. కాగితం తెమ్మన్నాను. 'ఆ డాక్టరు నాతో ఏమీ చెప్పడండీ, మా అక్కతోనే మాట్లాడతాడు' అన్నారు. మరి మీ అక్కగారితోనే తెప్పించండి అన్నాను."

"దానికేమంది?"

"'మా అక్క నాకు తెలియదనుకుంటోందండీ. అలాగే అనుకోనివ్వండి' అన్నారు."

నేను ఆయన మీద అరిచాను. నాకెందుకు చెప్పలేదని, ఫోన్ నంబర్ ఉంది కదా అని, ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారా అని. మెట్ల మీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. "నా చేత మాట తీసుకున్నారమ్మా," అన్నాడు, అంతే.

నా మీద నాకు కోపం రావడం మామూలే. కానీ ఆ రోజు చెల్లెలి మీద వచ్చినంత కోపం ఎప్పుడూ ఎవరి మీదా రాలేదు. ఆరు నెలలు నేను ఆడిన అబద్ధం నాకు చెదరకుండా చూసింది. అందుకోసం తన మూడు రోజులు వదులుకుంది. నేను దాన్ని కాపాడుతున్నాననుకుంటూ పట్టికలు గీశాను.

ఆ కాగితం అప్పటినుంచీ నా చేతిసంచిలోనే ఉంటోంది. మరుసటి ఏడు ఆదివారం భోజనానికి వెళ్ళినప్పుడూ ఉంది. వడ్డనకు ముందు ఓడ ఫోటోలు చూపించారు. పిల్లలు మొహాలకు పులి చారలు వేయించుకుని ఒక గదిలో. పెద్దలు కోట్లు వేసుకుని, పట్టుచీరలు కట్టుకుని ఇంకో గదిలో. రెండు తరాలూ కలిసి ఉన్న ఫోటో కోసం ఆల్బమ్ చివరిదాకా తిప్పాను. లేదు. అప్పుడే బావగారు ఆ మాటన్నారు, పిల్లలు కంటికి కనపడలేదని.

నేను చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం తీసి ఆయన కంచం పక్కన పెట్టాను. ఆగస్టులో డాక్టరు ఏమన్నాడో, దసరా అని ఎందుకన్నాడో, ఎవరికీ చెప్పొద్దని అన్నదెవరో మొత్తం చెప్పాను. గొంతు పెంచలేదు. మరిది సగంలో లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. బావగారి చేతిలో అన్నం ఎండిపోయింది.

"ముందే చెప్పాల్సిందమ్మా," అన్నారు చివరికి. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "తెలిస్తే ఎంసెట్టూ గింసెట్టూ చూసేవాణ్ణా నేను? దగ్గరుండి ఎక్కించేవాణ్ణి కాదూ?"

ఎక్కించేవారు. ఆయన సంగతి నాకు తెలుసు. బ్రోషర్ పట్టుకుని కూర్చున్న ఆ ఆదివారం కూడా తెలుసు. దాదాపు రెండేళ్ళు ఆయన మీద కోపం పెట్టుకుని బతికాను. ఆ ఒక్క మాటతో ఆ కోపానికి చోటు లేకుండా చేశారు. ఇప్పుడది మొత్తం నా దగ్గరే ఉంది.

చెల్లెలి కూతురు పెరుగు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. పదమూడేళ్ళ పిల్ల. గిన్నె బల్ల మీద పెట్టి, పెదనాన్న కంచం పక్కనున్న కాగితం తీసుకుని, రెండు వైపులా చదివింది.

"ఈ ఓడ ఇంకా తిరుగుతోందా పెద్దమ్మా?"

"తెలియదు."

"కనుక్కో," అంది.

వాళ్ళమ్మ ఎవరితోనూ ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.