అక్కకు వేసిన విస్తరి

నూలుకు గంజి కాచే రోజుల్లో మా అత్తగారింట్లో ఏదో వాసన వచ్చేది. అదేమిటో మొదట్లో నాకు తెలియలేదు. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "మళ్ళా వచ్చింది," అనేది. అది ఎండుచేపల వాసన. ఆ ఇంట్లో ఎవరూ చేప ముట్టరు. పండక్కి పొట్టేలు మాంసం తినేవాళ్ళే గాని చేపను పాము జాతి కింద లెక్కగట్టేవాళ్ళు. ఆలూరు పక్క పల్లెలో పుట్టిన నేనైతే చేపను వండగా చూసిందే లేదు.

రాజంపేటలోని ఆ నేతగాళ్ళ ఇంటికి నేను రెండో పెళ్ళాంగా వచ్చాను. చనిపోయిన మొదటి ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. ఆమెను నేను అక్క అనే తలుచుకునేదాన్ని. కాపురానికి వస్తూ అక్క తెచ్చుకున్న ఎండుచేపల మూటను, మగ్గం మీది చీరకు వాసన పడుతుందని అత్త దిబ్బలో పారేసిందట. జ్వరంతో పోయేముందు అక్క చేపల పులుసే అడిగింది. అదీ పెట్టలేదు.

చనిపోయిన సవతి పీడించకూడదని, పెళ్ళిలో అక్క పేరున నా మెడలో ఒక చిన్న బిళ్ళ కట్టారు. ఆ తర్వాత రెండుసార్లు నాకు కడుపు పోయింది. మళ్ళీ నెల తప్పగానే అత్తకు భయం పట్టుకుంది.

"దానికి పెట్టకపోతే ఈ బిడ్డా దక్కదురా," అని కొడుకుతో అంది. "పో, యాడన్నా చేపలు తే."

"ఆమె బతికుండంగా వాసనంటివి. ఇప్పుడు రాదా?" అన్నాడాయన.

"ఇప్పుడు వండకపోయినా వస్తాండాది కదరా."

మద్రాసు రైలు దిగినవాళ్ళ దగ్గర ఆయన ఎండుచేపలు కొనుక్కొచ్చాడు. పెద్దల అమావాస్య నాడు అత్తే పులుసు కాచింది. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద విస్తరి పెట్టి కాకులను పిలిచాం. అవి వచ్చి పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. అరవను కూడా లేదు.

"ఈ ఊరి కాకులకు చేప తెలీదు లేమ్మా," అని ఆయన నవ్వబోయాడు.

అత్త నా మెడలోని బిళ్ళ వైపు చూసింది. "అమ్మీ, దాని పేరున నువ్వు తిను."

"వద్దమ్మా. ముల్లు తీసేది తెలీదు ఈమెకు. గొంతుకు అడ్డం పడితే?" అన్నాడాయన.

నేను విస్తరి ముందు కూర్చున్నాను. ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. నాలుక ముల్లును ఏరి పెదవి చివరకు తోసింది. వేళ్ళు దాన్ని లాగి విస్తరి అంచున పెట్టాయి. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి, దువ్వెన పళ్ళలాగా.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆమె వాళ్ళ పుట్టింట్లో అట్లే తినేది," అన్నాడు.

అత్త నా ఎదురుగా కూలబడింది. "ఈ బిడ్డనన్నా మాకు వదిలిపెట్టు తల్లీ," అంది, నా మొహంలోకి చూస్తూ.

నాకింకా ఆకలి తీరలేదు. "ఇంకో ముక్క వెయ్యత్తా," అన్నాను.

ఆ కడుపు నిలిచింది. పురుడు వచ్చేదాకా అత్త చేపల పులుసు కాస్తూనే ఉంది. విస్తరి వేసి, అక్కను పేరు పెట్టి పిలిచేది. నేను వెళ్ళి కూర్చునేదాన్ని.