పంతులమ్మగారు ఎలుగెత్తిన రోజు

మా పేట బడి పంతులమ్మగారు ప్రభువునందు నిద్రించారు. మా సంఘపెద్ద భీమడోలులో రైలెక్కి వచ్చి ఆ మాట చెప్పేటప్పటికి నేను ఏలూరు వీధిలో ప్రసంగిస్తున్నాను. వాక్యం మధ్యలోనే గ్రంథం మూసి, ఆమె సంగతి మొదలుపెట్టాను.

సహోదరులారా, నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. లేఖనంలో తెలియని మాట తగిలితే ఆమె అరుగు మీదికి పోయేవాణ్ణి. ఎలుగెత్తడమంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"ఎలుగంటే గొంతేనండీ. జలుబు చేస్తే ఎలుగు రాసిందంటాం కదా, అదే. నిలబడి ఉన్నదాన్ని ఎవరెత్తుతారండీ? పడి ఉన్నదాన్నే ఎత్తుతారు" అన్నారు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆమె మాట పక్కింటికి కూడా వినిపించేది కాదు.

కిందటేడు వానలకు పేట మునిగింది. నీరు కొల్లేటిలోకి పోవాలంటే మునసబుగారి చేని గట్టుకు గండి కొట్టాలి. ఆయన గట్టు మీద కాపలా పెట్టి, తానూ అక్కడే నిలబడ్డారు. మావాళ్ళు ఆయనతో నేరుగా మాట్లాడే వాడుక లేదు. కింద నిలబడి ఆయన వెట్టివాడికి మెల్లగా చెప్పుకోవాలి; అతను పైకి చేరవేయాలి.

"నడుంలోతు వచ్చేసిందయ్యా, గోడలు కూలిపోతున్నాయి" అన్నాడు సంఘపెద్ద.

వెట్టివాడు చేతులు కట్టుకుని, "పేటలో కాస్త చెమ్మ చేరిందటండీ" అన్నాడు.

"వానాకాలం చెమ్మ చేరదేమిట్రా?" అని మునసబుగారు నవ్వారు.

పరిశుద్ధ గ్రంథాన్ని తలగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని నేనూ ఆ నీళ్ళలోనే ఉన్నాను. మెత్తగా మాట్లాడడం మంచిదే. మెత్తగా మునిగిపోవడం పాపం! పంతులమ్మగారు నన్ను దాటి ముందుకు నడిచారు.

"ఏవండీ మునసబుగారూ! మీతోనేనండీ! చెమ్మ కాదండీ, చావు! పసిపిల్లల్ని ఇంటికప్పుల మీద కూర్చోబెట్టామండీ. చేను మళ్ళీ నాటుకుంటారు. వీళ్ళను మళ్ళీ నాటగలరా?"

"చదువు చెప్పుకునేదానివి, నీకెందుకీ అరుపులు? రేపు బడి ఉండదు, చూసుకో!"

"లేకపోతే లేదండీ. పిల్లలుండాలి!"

అంత కోపంలోనూ ఆ 'అండీ' పోలేదు. కాపలావాళ్ళు కర్రలెత్తారు. ఆమె గొంతు చీలి, మాట వట్టి గాలైపోయింది. అప్పుడు వెనకనుంచి ఒక ముసలమ్మ అందుకుంది: "గండి కొట్టించండయ్యా!" ఆపైన పేటంతా అందుకుంది.

మునసబుగారు వెట్టివాడివైపు చూశారు. అతను కట్టుకున్న చేతులు విప్పాడు. "గండి కొట్టించమంటున్నారండీ!" అన్నాడు, ఈసారి మాట మార్చకుండా, అందరికంటే గట్టిగా.

కర్రలు ఒక్కొక్కటే దిగాయి. మునసబుగారు ముఖం తిప్పుకుని, "కొట్టండి" అన్నారు.

నీరు చేలమీదుగా బుసకొడుతూ పోయింది. ఆమె చేతులు చాచి పిల్లల్ని కప్పుల మీదినుంచి దింపుకుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. దిగిన ప్రతి బిడ్డా ఆమె తెల్లచీర మీద బురద పాదం వేసింది.