వదిన పావుగంట

క్షమించాలి. ఎవరెవరు క్షమించాలో ముందు తేల్చుకుందాం. ఈ రాత అచ్చు వేయడానికి బలైపోయిన కాగితం క్షమించాలి. నాకు సంధులు, సమాసాలు నేర్పబోయి ఆరోగ్యం పాడుచేసుకున్న తెలుగు మాస్టారు క్షమించాలి. పోయినవాళ్ళ గురించి ఎంత గంభీరంగా రాయాలో తెలిసిన పెద్దలందరూ క్షమించాలి. ఫుజైరా పట్టణమూ, దాని వెనక కొండలూ, ముందున్న సముద్రమూ, అందులో లంగరేసిన ఓడలూ నన్ను పెద్ద మనసుతో మన్నించాలి. ఇంతమందికి చెప్పుకున్నాక, ఇంతకీ నువ్వు చేసిన తప్పేమిటని ఎవరూ అడగరని నా ధైర్యం.

మా వదిన పోయింది. నెల దాటింది.

కబురు వచ్చేసరికి నేను రాస్ అల్ ఖైమాలో, రాళ్ళ క్వారీ పక్కన రేకుల ఆఫీసులో కూర్చుని భోజనం డబ్బా మూత తీస్తున్నాను. అన్నయ్య ఫోను. "చెప్పండి ప్రభో" అన్నాను, ఎప్పుడూ అనేదే.

"వదిన పోయిందిరా" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

వేళాకోళం కాదు. ఒట్టు. డ్యూటీకనో బజారుకనో అంటాడనుకున్నాను. ఎవరో మలయాళీ సిస్టర్ అన్నయ్య చేతిలోంచి ఫోను తీసుకుని హిందీలో చెప్పింది. వార్డులో పేషెంటుకి సెలైన్ మారుస్తూ కూలబడిపోయిందట. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేశారని తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు. నలభై నిండలేదు ఇంకా.

నేనామెకి మరిదిని. తెలిసిందేగా, వదినా మరుదులకి ఒకర్నొకరు ఆటపట్టించుకునే లైసెన్సు పెళ్ళి రోజే వచ్చేస్తుంది, పరీక్షలుండవు. కరోనా కాస్త సద్దుమణిగాక విజిట్ వీసా మీద నెల రోజులకని వచ్చి, రెండున్నరేళ్ళు ఫుజైరాలో వాళ్ళ హాల్లో సోఫా మీద స్థిరనివాసం ఏర్పరచుకున్న మహానుభావుణ్ణి నేను. ఒక పడకగది, ఒక హాలు, నలుగురు మనుషులు, పైన నేను. వచ్చిన రోజే వదిన ఆస్తి పంపకాలు చేసేసింది.

"సోఫా నీది. రిమోట్ పిల్లలది. బాల్కనీ తడిబట్టలది. మీ అన్నయ్య నాకు, ఆ ఓడల వాళ్ళు వదిలినప్పుడు." అన్నయ్య ఓడలకి ఇంధనం నింపే పడవ మీద పని చేస్తాడు, వారంలో సగం నీళ్ళ మీదే.

"మరి ఇంట్లో నీదేది వదినా?"

"నాదా?" అని చుట్టూ చూసింది. "చూస్కోలేదబ్బాయ్. ఉంటే చెప్తా."

వదిన గల్ఫ్ జీవితం ఒక అపార్థంతో మొదలైంది. కొత్తలో ఆసుపత్రి బస్సు నడిపే పఠాన్ పెద్దాయన, నర్సులు మెట్టు మీద కాలు పెట్టగానే "యల్లా, యల్లా!" అనేవాడట, కదలండి కదలండి అని. మా భీమవరం చెవికి అది "ఎల్లా? ఎల్లా?" అని వినపడింది. పొద్దున్నే ఇంత శ్రద్ధగా యోగక్షేమం అడుగుతున్నాడే అని వదిన కరిగిపోయి, రోజూ "ఎలాగోలా నడుస్తోందండీ" అని జవాబు చెప్పి మరీ సీట్లో కూర్చునేదట. నెల తర్వాత ఎవరో అసలర్థం చెప్పారు. "చెప్పకుండా ఉండాల్సింది. ఈ ఊళ్ళో నన్ను అడిగే మనిషి ఆయనొక్కడే అనుకున్నా" అంది నాతో. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే అందులో నవ్వాల్సింది ఎక్కడుందో దొరకడం లేదు.

ఆ అపార్థమే తర్వాత మా ఇంటి జాతీయగీతమైంది. పొద్దున ఐదున్నరకి వదిన ఒక చేత్తో దోసె తిప్పుతూ, రెండో చేత్తో చిన్నదాని జడ పట్టుకుని "యల్లా!" అని అరిచేది. "ఎలాగోలా!" అని పిల్లలిద్దరూ కోరస్. పెద్దది తొమ్మిదేళ్ళది, చిన్నదానికి ఐదు. మేజోళ్ళు ఒకటి దొరికి ఒకటి దొరక్క, టిఫిను డబ్బాలు తారుమారై, అన్నయ్య యూనిఫాం ఇస్త్రీ సగంలో ఆగి, ఎలాగోలా ఆరున్నరకి ఇల్లు ఖాళీ అయ్యేది. ఆ మహాసంగ్రామంలో నా పాత్ర సోఫా మీంచి కాళ్ళు ముడుచుకుని దారివ్వడం.

ఇంకో సంగతి. పంచడం వదినకొక జబ్బు. ఇంట్లోకి ఏది వచ్చినా దాని వెంట కత్తి వచ్చేది. మామిడిపండు గానీ, పక్క ఫ్లాటు వాళ్ళిచ్చిన కేకు గానీ, ఊరి నుంచి ఎవరో తెచ్చిన ఒకే ఒక్క మడత కాజా గానీ, నాలుగు ముక్కలు, తూకం వేసినట్టు. పిల్లలిద్దరు, అన్నయ్య, నేను.

"నీది?"

కత్తి పైకెత్తి చూపించేది. "నా వాటా దీనికి అంటుకుని ఉంటుంది." చూపుడు వేలితో తుడిచి నోట్లో పెట్టుకునేది.

"త్యాగమూర్తి గారికీ జై!"

"త్యాగం లేదు, గీగం లేదు. ఐదు ముక్కలు సమానంగా కొయ్యడం నాకు రాదు. నాలుగైతే వచ్చు."

ఆమె తనకోసం అడిగింది, నాకు తెలిసి, ఒక్కటే. ఒక సెలవు రోజు అందరం తింటుండగా ఉన్నట్టుండి చెప్పింది. "నాకు రోజుకో పావుగంట కావాలి. ఆ పావుగంట నన్నెవరూ పిలవకూడదు. అమ్మా అనకూడదు, సిస్టర్ అనకూడదు, ఏమేవ్ అనకూడదు. వదినా అని అస్సలనకూడదు."

"కాగితం మీద దరఖాస్తు పెట్టుకో, పరిశీలిస్తాం" అన్నాను.

నిజంగానే పెట్టింది. "గౌరవనీయులైన కుటుంబ సభ్యులకు" అని మొదలుపెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అన్నయ్య "మంజూరు" అని సంతకం చేశాడు. మంజూరైన మొదటి రోజే చిన్నది వాంతులు చేసుకుంది. వారం తిరక్కుండా పెద్దది ఆ కాగితం వెనక ఏనుగు బొమ్మ వేసి బడికి పట్టుకుపోయింది.

తర్వాత బాత్రూంలో ప్రయత్నించింది. పంపు తిప్పుకుని కూర్చునేది. రెండు నిమిషాలకి తలుపు కింద నుంచి చిన్నదాని వేళ్ళు లోపలికి పాకేవి. నేను ఊరుకుంటానా? ముక్కు పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. "ప్రయాణికులకు గమనిక. బాత్రూం నుంచి వంటింటి వైపు వెళ్ళవలసిన అమ్మ ఎక్స్‌ప్రెస్ మరికొద్ది సేపట్లో..."

"రద్దయిందని చెప్పవోయ్!" అని లోపల్నుంచి కేక. అయినా వచ్చేసేది, చేతులు తుడుచుకుంటూ.

ఆ తర్వాత కారొచ్చింది. లైసెన్సు ఆరోసారికి దక్కింది. ఐదోసారి తప్పించినప్పుడు, "సిస్టర్, ఎందుకంత తొందర?" అన్నాడట పరీక్ష పెట్టినాయన. "పదేళ్ళుగా తొందర్లోనే ఉన్నా సార్, బ్రేకుందని మర్చిపోయా" అందట. ఎవరో దేశం వదిలి వెళ్తూ అమ్మిన చిన్న తెల్ల కారు కొన్నారు. ఇక బస్సు లేదు. నాలుగింటికల్లా మా వంటింటి కిటికీ కింద, ఇసక స్థలంలో వచ్చి ఆగేది.

ఆగేది గానీ, వదిన దిగేది కాదు.

మొదట ఫోను మాట్లాడుతోందనుకున్నాను. మాది మొదటి అంతస్తు, కిటికీ అద్దానికి నల్ల ఫిల్ము, నేను కనపడను, నాకన్నీ కనపడతాయి. ఫోను లేదు. ఇంజను ఆపకుండా, చల్లగాలి ముఖం మీదికి తిప్పుకుని, బూట్లు విప్పి, సీట్లో బాసింపట్టు వేసుకునేది. జుట్టుకున్న క్లిప్పు తీసేసేది. ముందున్న అర తెరిచి మామిడి తాండ్ర చుట్ట తీసేది. వాళ్ళ పిన్ని పంపిస్తుంది ఊరి నుంచి. ఇంట్లోకి రాని తాండ్ర అది. కారు వేడికి సగం కరిగి ప్లాస్టిక్కుకి అంటుకుపోయేది. పొర ఊడదీసి, కత్తి లేకుండా, కొలత లేకుండా, పళ్ళతో కొరికి, ఎదురుగా ఉన్న గోధుమరంగు కొండని చూస్తూ నమిలేది. వేళ్ళు నాక్కునేది. సరిగ్గా పావుగంట. తర్వాత క్లిప్పు, బూట్లు, వదిన.

పైకొచ్చే మనిషి మాత్రం వేరే. ఆ సాయంత్రాలు చూసిన వాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కూని రాగం తీస్తూ వచ్చేది. బియ్యం కడిగే గిన్నె పక్కన పెట్టి పిల్లలతో నేల మీద అష్టాచెమ్మా ఆడేది, గవ్వలు దొంగతనం చేసి మరీ గెలిచేది. అన్నయ్య ఒంటినిండా డీజిల్ వాసనతో వస్తే, "పెళ్ళిచూపులకి ఇదే సెంటు కొట్టుకొచ్చుంటే వద్దనేదాన్ని" అని వెంటపడేది. ఎలాగోలా గడిచే ఇల్లు కాస్తా ఆ వేళకి సరదాగా గడిచేది.

రెండు నెలలు సాగింది. నేనెవరికీ చెప్పలేదు. నా జీవితంలో దాచుకున్న రహస్యం అదొక్కటే. అందుకో బిరుదిచ్చినా తీసుకునేవాణ్ణి.

ఒకరోజు పిల్లలిద్దరూ మెట్లన్నీ దూకుతూ కిందికి పరిగెత్తారు, అమ్మకి సంచులు మొయ్యడానికి. కారు తలుపు తీశారు. వదిన నోట్లో తాండ్ర.

"అమ్మా, మాకు పెట్టకుండా తింటున్నావా?" అందట చిన్నది. అందులో నింద లేదు. ఆశ్చర్యపోయింది, అంతే.

ముఖం ఎర్రబడిపోయి, నవ్వుతూ, ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని పైకొచ్చింది. "దొంగ దొరికిందర్రా మీకు!" అంది. మిగిలిన చుట్ట బల్ల మీద పెట్టి కత్తి తెచ్చింది. నాలుగు ముక్కలు. నా ముక్క నా చేతిలో పెడుతూ, "మంచి పని నేర్పావు అబ్బాయ్, పిల్లలకి. అమ్మకి సాయం చెయ్యాలని తెలిసింది" అంది. వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. లేదు.

మర్నాటి నుంచి నాలుగు కాకముందే పిల్లలిద్దరూ మెట్ల కింద డ్యూటీలో ఉండేవాళ్ళు. కారు ఆగడం, తలుపు తెరుచుకోవడం ఒకే చప్పుడు. తాండ్ర చుట్టలు ఇంట్లోకే వచ్చేవి. ఇంకొన్ని నెలలకి నాకు క్వారీలో ఉద్యోగం దొరికి సోఫా ఖాళీ చేశాను.

ఊళ్ళో సమాధి చేసి తిరిగొచ్చాక, ఇక్కడి చర్చివాళ్ళు ఆదరణ కూడిక పెట్టారు. ఆమెతో పనిచేసిన ఒక సిస్టర్ లేచి చెప్పింది. "వాళ్ళ మరిది ఎంత మంచివాడో మాకు రోజూ చెప్పేది. పసిపిల్లలకి తల్లి బరువు పంచుకోవడం నేర్పాడని." అందరూ నా వైపు చూశారు. తల దించుకున్నాను. పక్కనున్న అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. దుఃఖమనుకున్నాడు.

పోయిన ఆదివారం అన్నయ్య, "కారు అమ్మేద్దాంరా, అందులో కూర్చోబుద్ధి కావట్లేదు. కాస్త శుభ్రం చెయ్యి" అన్నాడు. చేశాను. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు కూడా అంత వెతకరు. సీట్ల కింద, చాపల కింద, ముందు అరలో, వెనక డిక్కీలో. రంగు పెన్సిలు ముక్కలు, టిష్యూలు, చిన్నదాని మేజోడొకటి దొరికాయి. నేను వెతికింది ఒక ప్లాస్టిక్ కాగితం కోసం, తాండ్ర జిగురున్న కాగితం. నేను వెళ్ళిపోయాక ఎక్కడో ఒకచోట, ఆసుపత్రి గేటు దగ్గరో సముద్రం ఒడ్డునో, కారాపుకుని తన పావుగంట తను తీసుకునే ఉంటుందని. అదొక్కటి దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు.

పెద్దది వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మ ఎప్పుడైనా కార్లో ఒక్కతే కాసేపు కూర్చునేదా తల్లీ?"

"లేదు బాబాయ్. మేం రోజూ కిందే ఉండేవాళ్ళం కదా. లేటయిందంటే ఎక్కడున్నావని ఫోను చేసేవాళ్ళం." కాస్త గర్వంగా ముఖం పెట్టింది. "ఒక్క నిమిషం కూడా అమ్మని ఒంటరిగా వదల్లేదు మేము."

మంచి పిల్లవమ్మా అన్నాను. నిజంగానే మంచి పిల్ల. ఎప్పుడైనా పెద్దయ్యాక ఇది చదివి, లెక్క వేసుకుని, తనని తాను తప్పుపట్టుకుంటుందేమోనని భయంగా ఉంది. అందుకే ఇక్కడ నా పేరు మీద రాసి పెడుతున్నాను.

పిల్లలు కారు తలుపు తీసిన ఆ రోజు కారులో సంచులు లేవు. సరుకులు పొద్దున నేనే తెచ్చి సర్దాను. వదిన కింద ఏం చేస్తోందో తెలుసు, ఇంకా ఎంతసేపు చేస్తుందో కూడా తెలుసు. అప్పటికి ఐదు నిమిషాలైంది. నాకేమీ తోచడం లేదు. పిల్లల్ని పిలిచి, "మీ అమ్మ సంచులు మొయ్యలేక కార్లోనే కూర్చుండిపోయింది, పరిగెత్తండి" అన్నాను. వాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళారు. నేను కిటికీ దగ్గరికి వచ్చి, వదిన ముఖం ఎలా మారుతుందో చూడాలని, నవ్వు ముందే సిద్ధం చేసుకుని నిలబడ్డాను.