మామగారి ఊళ్ళో తలకిందుల విమానం

పెళ్ళయ్యాక తొలిసారి అత్తారింటికి వెళ్ళి, పొద్దు గూకేలోగా ఊరందరి ముందు పరువు తీసుకున్న అల్లుణ్ణి నేనే. నవ్వండి, ఫరవాలేదు. మా అత్తారి ఊరు ఎల్లారెడ్డిలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

కామారెడ్డిలో నాకు సెల్‌ఫోన్ల రిపేరు షాపు. తీరిక దొరికితే రిమోట్ విమానం ఎగరేయడం నా పిచ్చి. కొన్ని నెలలు ట్రైనర్, అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ విమానం, ఎగరేశాను. అదెంత మంచిదంటే, కంగారుపడి రిమోట్ మీద విమానాన్ని తిప్పే పుల్లలు వదిలేసినా తనే సర్దుకుని సాఫీగా పోతుంది. అదంతా నా గొప్పతనమే అనుకున్నాను! వెంటనే గాలిలో గిరికీలు కొట్టే విమానం కొనేసి, ఒక్కసారైనా ఎగరేసి చూడకుండా సంచిలో పెట్టుకుని అత్తారింటికి బయల్దేరాను. మామగారు నన్ను ‘ఆటబొమ్మల అల్లుడు’ అంటారట. ఆ మాట ఆయన చేతే మాన్పించాలని నా పంతం.

అక్కడ కుర్చీలో ఒక్క క్షణం కుదురుగా కూర్చుంటే ఒట్టు. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

“గా కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుడేంది? జర కూసోరాదు,” అంది నా భార్య లావణ్య.

“మీ నాయినకు నేనేందో సూపియ్యాలె.”

“గిది కొత్తది గదా, ఎన్నడన్న ఎగిరేసినవా?”

“ట్రైనర్ ఎగిరేసినోనికి గిదెంత!”

కోత అయిపోయిన మడిలో జనం పోగయ్యారు. మామగారు నెత్తికి తెల్లటి రుమాలు చుట్టుకుని, కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నారు. విమానం లేచింది. గిరికీ కొట్టించబోతే సగం తిరిగి తలకిందులైంది. కంగారులో అలవాటు కొద్దీ పుల్లలు వదిలేశాను. ఇది ట్రైనరా సర్దుకోవడానికి? మంచంమీద వెల్లకిలా పడుకున్నట్టు, అలాగే జనంవైపు వచ్చేస్తోంది.

“అల్లుడా, గిట్లొస్తున్నదేంది?” అన్నారు మామగారు.

“ఏం గాదు మామా!”

“మా నాయిన దిక్కే వస్తున్నది, పైకి లేపు!” లావణ్య అరిచింది.

లేపుదామని పుల్ల వెనక్కి లాగాను. తలకిందులుగా ఉన్న విమానానికి అలా లాగితే కిందికి దిగుతుందని ఆ గడబిడలో ఎవరికి గుర్తుంటుంది, మీరే చెప్పండి? సర్రున దిగి, మామగారి నెత్తిమీది రుమాలు లేపేసి, వెళ్ళి గడ్డివాములో దూరింది. ఆయన తలకు గీత కూడా పడలేదు. నాకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో జనం ఒకటే చప్పట్లు! “అబ్బ! ఉల్టా ఎగిరేసిండు సూడుండ్రి!”

మామగారు లేచి నా దగ్గరికి వచ్చారు.

“అల్లుడా, గా ఉల్టా ఎగిరేసుడు కావాల్ననే చేసినవా?”

ఊరంతా వింటోంది. ఇంత మంచి అవకాశం మళ్ళీ దొరుకుతుందా? ఛాతీ విరిచాను.

“అవ్ మామా, కావాల్ననే చేసిన. మస్తు ప్రాక్టీసు చేసిన.”

ఆయన బట్టతల తడుముకున్నారు.

“అయితే నా రుమాలు పడగొట్టుడు గుడ కావాల్ననే అన్నట్టు.”

ఆ గడ్డివాము సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. బతికినన్నాళ్ళూ ట్రైనర్ తప్ప వేరే విమానం ముట్టను. ఒకవేళ ముట్టినా, కావాలనే చేశావా అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ళ నెత్తి చూసి గానీ జవాబు చెప్పను.